పులుపు ఓర్వని రాయి

మా మామగారు పోయి ఇరవై రోజులైంది. ఆ కబురు వచ్చినప్పుడు నేను ఎర్రగుంట్ల దగ్గర మా పాలిష్ ఫ్యాక్టరీలో ఉన్నాను. లారీకి కడప బండలు ఎక్కిస్తున్నారు. ఆసుపత్రి నుంచి నా భర్త ఫోన్ చేసి "నాయన పోయినాడు" అన్నాడు.  నేను ఎవరికీ చెప్పకముందే మేస్త్రీ నా ముఖం చూసి యంత్రాలు ఆపేశాడు. పట్టపగలు ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరుగను.

మామగారు పుట్టుకతో రైతు. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో శనక్కాయ పంట మానేసి, చేని కిందున్న నల్లరాయిని తవ్వడం మొదలుపెట్టారు. "పైన పండకపోతే కింద పండింది" అనేవారు. తయారైన ప్రతి బండనూ చిన్న సుత్తితో తట్టి, చెవి వంచి వినేవారు. మంచిది ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉంటే చచ్చుగా మోగుతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టించి, దాని మీద కూర్చునే మధ్యాహ్నం సంగటి తినేవారు. 

నేను కోడలిగా వచ్చాక ఎగుమతి కాగితాల పని నాకు అప్పజెప్పారు. కొన్నేళ్ళ కిందట ఇటలీలోని వెరోనా నుంచి ఒక ఆర్డరు వచ్చింది. రోమన్ల కాలం నాటి కట్టడాలు ఇంకా నిలబడి ఉన్న ఊరది. అక్కడి పాత మేడల్లో ఒకావిడ మూడు ఖరీదైన హోటళ్ళు నడుపుతోంది. వారాల ముందు చెప్పుకుంటే గానీ కుర్చీ దొరకదట. భోజనపు బల్లలకు మా నల్లబండ కావాలంది. మొదట ఒక హోటలుకు పన్నెండు బల్లలు. నచ్చితే మిగిలిన రెండింటికీ మావే. అప్పటికి మా ఫ్యాక్టరీలో వారానికి మూడు రోజులే పని ఉంది. నలభై ఇళ్ళవాళ్ళు ఆ ఆర్డరు మీదే ఆశ పెట్టుకున్నారు.

బండలతో పాటు పంపే వాడకం సూచనల కాగితాన్ని మామగారు చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. చివర్న ఆయన, "పులుపు తగిల్తే తెల్లమచ్చ పడతాది. నిమ్మకాయ గానీ, ద్రాక్షసారాయి గానీ తగలగూడదని రాయి పాపా" అన్నారు. ఆ ఒక్క ముక్కా నేను రాయలేదు. భోజనాల బల్లకు పులుపు పడదని చెబితే ఎవరు కొంటారు?

నాలుగు నెలలకు ఫోటోలు వచ్చాయి. నల్లటి బల్లల మీద గ్లాసుల అడుగులంత తెల్లటి గుండ్రాలు. మా సరుకు దించుకునే వెరోనా వ్యాపారి, మీరే వచ్చి ఆవిడకు సమాధానం చెప్పుకోండి అన్నాడు. డెబ్బై ఏళ్ళ వయసులో మామగారు మొదటిసారి విమానం ఎక్కారు. తోడుగా నేను వెళ్ళాను.

ఆ రోజు శనివారం. హోటలుకు నడిచి వెళుతుంటే నది మీది వంతెన నడుమ వ్యాపారి ఆగాడు. "తుడవడానికి వాళ్ళు వాడిన మందుల వల్లే పాడైందని చెప్పండి. నేను వత్తాసు పలుకుతాను. మిగతా రెండు ఆర్డర్లూ నిలుస్తాయి" అన్నాడు నాతో. ఆ మాట మామగారికి తెలుగులో చెప్పాను. ఆయన వంతెన కిందికి చూస్తూ, "ఈడ నీళ్ళు శానా ఉండాయే" అన్నారు. అంతే. ఏం చెప్పబోతున్నారో నాకు తెలియలేదు. 

మేము వెళ్ళేసరికి పదకొండున్నర. ఒంటిగంటకు అతిథులు వస్తారు. హాలు పైకప్పంతా వందల ఏళ్ళనాటి బొమ్మలు. బల్లల మీద వెండి చెంచాలు, పలచటి గాజు గ్లాసులు. యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. నవ్వలేదు. "ముందు భోంచేయండి" అని మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక నిమ్మకాయ కోసి, ఒక చక్రాన్ని మా మధ్య ఉత్త బండ మీద పెట్టింది. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. 

మామగారు శనివారం నీచు ముట్టేవారు కాదు, అహోబిలం నరసింహస్వామి మొక్కు. అందుకని గుమ్మడికాయ గుజ్జు కూరి ఉడికించిన పిండివంటకం పెట్టారు. ఇంత పెద్ద తెల్లటి పళ్ళెంలో మూడంటే మూడు. ఆయన ఒకటి కొరికి, "కజ్జికాయ మాదిరుండాది, తీపి తక్కువ" అన్నారు మెల్లగా. పళ్ళేలు వస్తున్నాయి, పోతున్నాయి. వడ్డించేవాళ్ళ అడుగుల చప్పుడు కూడా లేదు. ఏం తిన్నానో నాకు గుర్తులేదు. చూపంతా ఆ నిమ్మచక్రం మీదే.

చివరికి ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది. కింద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?" అని ఇంగ్లీషులో అడిగింది.

వ్యాపారి నా వైపే చూస్తున్నాడు. నేను ప్రశ్న తెలుగులో చెప్పి, "మందుల మాట చెప్పమంటావా మామా?" అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టారు. "తెలుసని చెప్పు. తెలిసీ చెప్పకపోతిమి. తప్పు నాదని చెప్పు."

"మామా, నలభై కొంపలు..."

"చెప్పు పాపా. రాయికి నోరు లేదు. దాని తరపున మనమే మాట్లాడల్ల."

తప్పు ఎవరిదో నాకు తెలుసు. "కాదు, నాది" అనాల్సింది. నోరు రాలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పి తల దించుకున్నాను. వ్యాపారి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మామగారు సంచిలోంచి పాలిష్ కాగితాలు, ఆముదం సీసా తీశారు. కాసిని నీళ్ళు అడిగారు. కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, ఆ మచ్చను రుద్దడం మొదలుపెట్టారు. పన్నెండున్నర అయింది. వడ్డించేవాళ్ళు గోడవారగా నిలబడిపోయారు. ఆవిడ రెండుసార్లు గడియారం చూసుకుంది గానీ ఆపమనలేదు. ఆయన నుదుటి చెమట బల్ల మీద పడకుండా భుజానికి తుడుచుకుంటున్నారు. చివరికి నూనె పెట్టి గుడ్డతో తుడిస్తే బండ మళ్ళీ నల్లబడింది.

"మళ్ళా పులుపు పడితే మళ్ళా మచ్చే. తూడ్చి నూనె పెట్టుకుంటా ఉండల్ల. అంత పని వద్దనుకుంటే చెప్పమ్మా, మేమే ఎనక్కి తీస్కపోతాం" అన్నారు. నేను చెప్పాను.

ఆవిడ వేలితో బండను తాకి చూసింది. "ఈ పన్నెండూ ఉండనివ్వండి. మిగతా రెండు హోటళ్ళకు వేరే రాయి చూసుకుంటాను" అంది. అప్పటికే మొదటి అతిథులు తలుపు దగ్గర ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో, విమానాశ్రయంలో కూర్చున్నప్పుడు చెప్పేశాను. "ఆ మాట నేనే రాయలేదు మామా."

"తెలుసులే. నాకు ఇంగ్లీషు రాదు గానీ, నేను చెప్పింది ఏడు ముక్కలు, నువ్వు అంకెలేసి రాసింది ఆరు. పంపే పొద్దే చూసినా. ఆర్డరు మీద ఆశతో నేనూ నోరు మూసుకుంటి. ఇంగ తప్పు నాది కాకుంటే ఎవరిది?"

అంతవరకూ, నన్ను కాపాడడానికి ఆయన అబద్ధం చెప్పారనుకున్నాను. ఆయన చెప్పింది నిజమే. నా నిజం మాత్రం ఆ బల్ల దగ్గర బయటికి రాలేదు.

ఊరికి రాగానే పనివాళ్ళందర్నీ పిలిచి, "ఆర్డరు పాయెనప్పా. నా వల్లనే" అన్నారు. అక్కడా నా పేరు ఎత్తలేదు. ఆ ఏడాది కష్టంగా గడిచింది. ఆరుగురు పని మానుకుని సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. వాళ్ళను ఆయన ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మేం పంపే ప్రతి కాగితంలో పులుపు మాటే మొదటి వాక్యం. 

రెండేళ్ళ తర్వాత ఆవిడే ఉత్తరం రాసింది. హోటలు ముందు గుమ్మానికి గడపరాయి కావాలంది. అక్కడ నిమ్మకాయ పడదు లెండి, అని కూడా రాసింది. మామగారు విరగబడి నవ్వారు. ఆ రాయిని తానే ఏరి, తానే తట్టి, పెట్టెలో గడ్డి తానే సర్దారు.

ఆయన పోయిన సంగతి ఆవిడకు తెలియజేశాను. నిన్న ఒక ఫోటో వచ్చింది, కింద ఒక్క అక్షరం లేకుండా. వెరోనాలో వాన పడుతోంది. తెరిచిన తలుపు దగ్గర నల్లటి గడప తడిసి మెరుస్తోంది. లోపలి దీపాల వెలుగు దాని మీద పరుచుకుంది. ఎవరో ఒక ముసలాయన గొడుగు ముడుస్తూ, జారుతుందేమోనని ఒక చేత్తో తలుపు పట్టుకుని, దాని మీద మెల్లగా కాలు పెడుతున్నాడు.