ఆఖరి బుట్ట

దోహాలో జరుగుతున్న ప్రపంచ పోటీల్లో జగిత్యాల లింబాద్రి పని బుట్టలు మోయడం. పరుగుకు ముందు అమ్మాయిలు విప్పిన ట్రాక్‌సూట్లు, బూట్లు ఆ బుట్టల్లో వేస్తారు. పరుగు ముగిసే గీత దగ్గర ఎవరి బుట్ట వాళ్ళకు అందేలా వాటిని వరసగా పెట్టాలి. కూలీలు ఉండే క్యాంపులో తన చొక్కా ఎక్కడ పడి ఉందో పట్టించుకోని మనిషి, ఇక్కడ ఒక్కో ట్రాక్‌సూటునూ మడతపెట్టి పెడతాడు. దోహాకు వచ్చిన ఈ ఆరేళ్ళుగా సూపర్‌వైజర్లకు అతను చెప్పిన జవాబు ఒక్కటే: "ఓకే సార్."

ఆ రోజు పదిహేను వందల మీటర్ల పరుగులో ఒక అమ్మాయి కిందపడింది. మోకాలు దోక్కుపోయింది. అయినా లేచి, అందరికన్నా ఎంతో వెనక, పరిగెత్తుతూనే ఉంది. గెలిచిన అమ్మాయి జెండా కప్పుకోగానే కెమెరాలన్నీ అటు తిరిగాయి. సూపర్‌వైజర్ జయంత్ మిగిలిన ఒక్క బుట్టనూ కాలితో నెట్టి, "రేసు అయిపోయిందయ్యా, యల్లా, తొందరగా ఇది తీసేయ్!" అన్నాడు. ఎవరికి అయిపోయింది? పదకొండు మందికి దొరికిన మర్యాద పన్నెండో మనిషికి ఎందుకు దొరకదు? కాలు తగిలిన బుట్టను లింబాద్రి ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"అయిపోలే సార్. గా పిల్ల ఇంక ఉరుకుతనే ఉన్నది. కనవడ్తలేదా మీకు?"

ఆమె వచ్చింది. స్టేడియం ఏసీ చలికి వణుకుతూ, మడత విప్పి తన ట్రాక్‌సూటు తొడుక్కుంది.

మర్నాడు లింబాద్రిని బయట పార్కింగ్‌లో, ఎండలో డ్యూటీకి నిలబెట్టారు. పని ఆలస్యం చేశాడని కాగితం మీద రాశారు. ఆ ఆలస్యం ఒక్క నిమిషం. ఆ అమ్మాయి కుంటుకుంటూ తన పరుగు పూర్తి చేయడానికి పట్టిన నిమిషం.