మేష్టారి చూపుడువేలు

ఎవరేం మాట్లాడినా చూపుడువేలెత్తి, అందులోని అలంకారం పేరు ఇంగ్లీషులో చెప్పడం మా హైస్కూలు ఇంగ్లీషు మేష్టారి అలవాటు. "మొద్దులా ఆ నిద్రేమిటండీ?" అని భార్య కేకలేస్తే, "సిమిలీ!" అని వేలెత్తి, మళ్లీ పడుకునేవారట.

ఒకసారి వినుకొండ రోడ్డు పక్కనున్న మా మిరప కల్లానికి వచ్చారు. నాన్న ఎండుకాయ ఒకటి ఆయన చేతిలో పెట్టి, "ఇది కాయ కాదండీ మేష్టారూ, నిప్పు!" అన్నాడు.

వేలు లేచింది.

"మెటఫర్! నిప్పంటే నిజంగా నిప్పని కాదయ్యా," అంటూ కాయ కొరికి, పాఠం చెబుతున్నంత తీరిగ్గా నమిలారు.

క్షణంలో ఆయన ముఖం కల్లంలోని కాయల్లా ఎర్రబడింది. కళ్లూ ముక్కూ ధారకట్టాయి. అయినా వేలు లేచింది. ఏ అలంకారం చెబుతారోనని అందరం ఎదురుచూశాం. వేలు మెల్లగా కుండ వైపు తిరిగింది.

"నీళ్లు!"

ఏ అలంకారమూ లేని మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.