పొట్టు పోయిన దారి

ప్రొద్దుటూరు బాబావలి చేతికి పళ్ళెం దొరికితే చెరగందే ఊరుకోడు. సౌదీలో హఫర్ అల్ బాతిన్ అవతల పురావస్తు తవ్వకాల్లో డ్రైవరే అయినా, మెస్సు బియ్యం చెరిగేది ఆయనే. ఆ రోజు తవ్వకంలో దొరికిన వేల ఏళ్ళనాటి మాడిన గింజలను, తవ్వకాలు నడిపే చరిత మేడమ్ పళ్ళెంలో ఆరబెట్టి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బాబావలి పొట్టంతా గాలికి చెరిగేసి, గింజలు చూపిస్తూ గడ్డం నిమురుకుంటున్నాడు. "అయ్యో, నాకు కావాల్సింది ఆ పొట్టే! వాళ్ళు ఇక్కడే పంట నూర్చారో, గింజలు బయటినుంచి తెచ్చుకున్నారో చెప్పేది అదే!" చరితకు ఏడుపొక్కటే తక్కువ.

బాబావలి పొట్టు ఎగిరిన వైపే నడిచి, అది పోయి పేరుకున్న పాతగోడ మూలన మడమతో గీత గీశాడు. "ఈడ తవ్వండి మేడమ్. నా పొట్టు ఈడికొచ్చినప్పుడు, వాళ్ళది మాత్రం యాడికి పోతాది?" మూడో రోజు మూరెడు లోతులో మాడిన పొట్టు పొరలు పొరలుగా బయటపడింది. ఇప్పుడు చరిత పళ్ళేలకు మూతలు పెడుతుంది. ఎక్కడ తవ్వాలన్నా ముందు బాబావలి చేతికి గుప్పెడు పొట్టు ఇస్తుంది.