ఖాళీ వదిలిన రంధ్రాలు

నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుంటే బండి జారి, మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎస్సై ఉద్యోగం పరుగు పరీక్షకు ఎనిమిది నెలలుంది. ఆ పరుగు కోసమే ఊరు విడిచి చిక్కడపల్లి హాస్టల్లో పడి ఉన్నదాన్ని. బతుకే విరిగిందని ఏడ్చాను.

ఎక్స్‌రేలో చూస్తే, విరిగిన చోట ప్లేటుకు మూడు రంధ్రాలు ఖాళీ. ఓఎంఆర్ షీట్లలో సున్నాలు నింపీ నింపీ పాడైన కళ్లు కదా, ఖాళీ కనిపిస్తే తప్పే అనిపించింది.

"ఇవెందుకు నింపలే సార్?" అన్నాను.

"కావాలనే వదిలినం. అన్నిట్ల స్క్రూలు బిగిస్తే మరీ గట్టిగైతది. విరిగిన కాడ జర కదలిక ఉండాలె, అప్పుడే కొత్త ఎముక పుడ్తది," అన్నారు డాక్టరు. "అది పుట్టేదాక బరువంత ప్లేటుదే. తీగెను వంచుకుంట పోతే తెగుతది గదా, ఇదిగూడ గంతే. నేను చెప్పేదాక కాలు ఆనియ్యకు. అతికితే ఉరుకుతవు."

విన్నాను. విని, రెండో నెలలోనే ఆనించాను. లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే గేటు తీయగానే వెళ్లి పుస్తకం పెట్టాలి. చంకకర్రలతో వెళ్తే, ఈమెతో ఇక పోటీ లేదన్నట్టు చూసేవాళ్లు. నాకసలే రోషం ఎక్కువ. కర్రలు గదిలో పడేసి నడిచాను. నొప్పి లేదు. అదే నా కొంప ముంచింది.

నాలుగో నెలలో చప్పుడు మొదలైంది. మెట్టెక్కితే టిక్. కుర్చీలోంచి లేస్తే టిక్. లోపల ఎవరో ఉన్నట్టుండేది. ఒకరోజు లైబ్రరీలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. నేను కాలు సర్దుకున్నాను. పక్క కుర్చీలోని నా రూమ్మేట్ తలెత్తింది.

"ఏందక్కా ఆ చప్పుడు?"

నా ఒక్కదానికే అనుకున్నది తనకూ వినిపించింది.

"పెన్ను," అన్నాను.

మర్నాడు హాస్టల్ మెట్ల మీద కాలు వంగింది, మోకాలి దగ్గర కాదు, దానికి పైన. రెయిలింగ్ పట్టుకుని, అది నాది కానట్టు చూస్తూ ఉండిపోయాను.

"ఎముక అతకనే లేదమ్మా," అన్నారు డాక్టరు. "ఇన్ని దినాలు నిన్ను మోసింది ఉత్త ప్లేటే."

అది సరిగ్గా ఖాళీ రంధ్రం దగ్గర తెగింది. కొత్తది వేశారు. పాత ముక్కలు అడిగి తెచ్చుకున్నాను.

పరుగు పరీక్ష రోజు రూమ్మేట్ మైదానం నుంచి వచ్చి, క్వాలిఫై అయిన సంగతి చెప్పలేక, బూట్లు మంచం కిందికి తోసింది. నాకు అసూయ పుట్టింది. పడుకుని, గోడవైపు తిరిగి, ఆ రెండు ప్లేటు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించాను. టిక్.

"ఏందక్కా ఆ చప్పుడు?"

"నా కాలు," అన్నాను.