జమున టైంటేబుల్, భీమ్లా ఆటో

ప్రతి కాలేజీలో విద్యార్థి క్లబ్బులు ఉండాలని పైనుంచి కాగితం వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. స్టాఫ్ రూంలో మంచివన్నీ మిగతావాళ్ళు పంచేసుకున్నారు. ఒకాయన యోగా తీసుకున్నాడు, ఒకామె మొక్కలు తీసుకుంది. మర్నాడు వచ్చి చూస్తే నా పేరు ఎదురుగా 'అనిమే, టీవీ క్లబ్బు' అని ఉంది. పాలకుర్తిలో డిగ్రీ పిల్లలకు కామర్సు చెప్పుకునేవాణ్ని. జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళను అనిమే అంటారని ఆ రోజే తెలిసింది. ఆ బొమ్మల జుట్టు నీలంగా ఎందుకుంటుందో ఇప్పటికీ తెలియదు, ఎవరూ చెప్పడం లేదు కూడా.

పేరు నాదే గానీ క్లబ్బును నడిపింది జమున. బీకాం రెండో ఏడు. జఫర్‌గఢ్ దారిలో ఉన్న ఒక తండా పిల్ల. నాన్న పూల్‌సింగ్‌కు రెండెకరాల పత్తి, అది లేని రోజుల్లో కూలిపని. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫోను పొద్దున్నే ఆయన జేబులో చేనుకు పోతుంది, చీకటి పడ్డాక చార్జింగు లేకుండా తిరిగొస్తుంది. అందుకని జమునకు బొమ్మలు చూసే చోటు మా సెమినార్ రూం ఒక్కటే.

ఎప్పుడు ఏది చూడాలో టైంటేబుల్ వేయమని ఆ పిల్లకు అప్పజెప్పాను. గీతలు గీసి తెస్తుందనుకున్నాను. వారం తర్వాత గోడ క్యాలెండరంత చార్టు తెచ్చింది.

"ఇదేంది జమునా, ముహూర్తాలు రాసినవ్?" అన్నాను.

"పక్కనే ఫంక్షన్ హాలున్నది గద సార్. పెండ్లిళ్ళప్పుడు డీజే మోగుతది, ఏం వినిపియ్యదు. గందుకే ముహూర్తమున్న శనివారం కొట్లాటలవి పెట్టిన. కొట్లాటకు మాటలెందుకు? ఏడ్సేటియన్నీ మూఢంల పెట్టిన. మూఢంల పెండ్లిళ్ళుండవ్, మంచిగ ఏడ్వొచ్చు."

పత్తి ఏరే వారాల్లో సగం మంది రారు కాబట్టి అప్పుడు పాత భాగాలు మళ్ళీ వేయాలట. ఇరవై రెండేళ్ళుగా కాలేజీ టైంటేబుళ్ళు వేస్తున్నాను. పక్కనే ఫంక్షన్ హాలు ఉందన్న సంగతి ఒక్కసారైనా నా బుర్రకు తట్టలేదు. ఈర్ష్య పుట్టింది, దాచుకోను.

క్లబ్బులో రెండు ముఠాలు. జితేందర్ ముఠాకు అనిమే కావాలి. అఖిల ముఠాకు అత్తాకోడళ్ళ సీరియల్ కావాలి. అఖిలవాళ్ళ పదకొండు మందికి మూడూ నలభైకి బస్సు, కాబట్టి సీరియలే ముందు. వాళ్ళు రాకపోతే హాజరులో ఇరవై సంతకాలు పడవు, సంతకాలు పడకపోతే రూం యోగా వాళ్ళకు పోతుంది. ఆ యోగా ఆయన ఇప్పటికే రెండుసార్లు వచ్చి గది కొలతలు తీసుకుని పోయాడు. సీరియల్ అయ్యాక అనిమే మొదలై నాలుగున్నరకు ముగుస్తుంది. జమున మాత్రం నాలుగుంబావుకే లేచిపోవాలి.

ఎందుకంటే భీమ్లా ఆటో. తండాకు అదే ఆఖరి ఆటో. పదిమంది నిండితే గానీ కదలదు. తొమ్మిదిమంది మేస్త్రీ పనికి వచ్చిన ఆడవాళ్ళు, పదో మనిషి జమున. ఆమె రాకపోతే ఆటో నిండదు, నిండకపోతే భీమ్లా కదలడు, కదలకపోతే తొమ్మిది ఇళ్ళలో పొయ్యి వెలగదు. అందుకే నాలుగుంబావు కాగానే గేటు దగ్గర హారన్ మూడుసార్లు మోగేది. జమున చెప్పులు చేత్తో పట్టుకుని ఉరికేది.

మామూలు వారాల్లో నష్టం లేదు. వదిలేసిన పావుగంటా మరుసటి శనివారం మొదట్లో మళ్ళీ చూపిస్తారు. కథ మొత్తం అయిపోయే వారమే కష్టం. ఆ తర్వాత శనివారం ఇంకో కథ మొదలవుతుంది. అలా మూడు కథలు చూసింది, ఒక్కదాని ముగింపూ చూడలేదు. జితేందర్‌ను అడిగితే "పిచ్చ లేపిండ్రు" అనేవాడు. మూడు కథలకూ అదే జవాబు. అంతకు మించి ఆ పిల్లవాడి నుంచి ఏమీ రాలేదు, పరీక్ష పేపర్లోనూ అంతే.

అయినా ముగింపు మళ్ళీ వేయమని ఆమె ఎవరినీ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఆటోలో ఉంది.

ఇంటికి పోయే ముప్పావుగంటా జమున ఆ రోజు చూసిన కథను తమ తండా భాషలో ఆటోలో ఉన్నవాళ్ళకు చెప్పేది. ముందు సీట్లో కూర్చునే రాజీ అవ్వ, అరవై దాటినా ఇటుకలు మోసే మనిషి, ఒక్క మాట వదలకుండా వినేది. కథ అయిపోయే వారం వచ్చేసరికి జమున దగ్గర ముగింపు ఉండేది కాదు. లేదంటే అవ్వ ఊరుకునేది కాదు. అందుకని తనే కల్పించి చెప్పేసేది, చూసినట్టే. మూడుసార్లూ ఆటో మొత్తం నమ్మింది. ఒక ముగింపుకు భీమ్లా బండి పక్కకు ఆపి కళ్ళు తుడుచుకున్నాడట.

నాలుగోది గొడుగుల పిల్ల కథ. గొడుగులు బాగుచేసే ఒక పిల్ల, తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంది. వెంట మాట్లాడే నక్క. జమునకు ఈ కథంటే ప్రాణం. చివరి భాగాన్ని మంచి మూఢంలో, డీజే లేని శనివారం పెట్టుకుంది. ఇంతలో ఒక వారం ముందే ఆటోలో రాజీ అవ్వ అడ్డం పడింది.

"వచ్చే శనివారం నేనుండ బిడ్డా. మానుకోటల మనుమరాలి కాన్పున్నది. ఆఖరు ఇయ్యాల్నే చెప్పు."

జమున చెప్పేసింది. జాతరలో గాజుల కొట్టు దగ్గర వాన పడుతుంది, అందరూ పరుగెడతారు, ఒక పిల్లవాడు మాత్రం చిరిగిన గొడుగు పట్టుకుని నిలబడతాడు, ఆ కుట్టు అక్క వేసిందేనని గుర్తుపడతాడు. ఆటోలో అందరూ ఏడ్చారు. ఆదివారానికి తండా అంతా ఏడ్చింది.

ఆ శుక్రవారం జమున నా దగ్గరికి వచ్చి మొదటిసారి నోరు విప్పింది.

"సార్, ఒక్క ఆఖరన్న నా కండ్లతోని సూడాలె. నేను జెప్పినయి అన్నీ అబద్ధాలే సార్. ఆటోల ఎవ్వలికి తెల్వొద్దు. తెలిస్తే నా మొఖం ఎవ్వలు సూడరు."

ఆ మాటకు నాకు జాలేసింది. "భీమ్లాను ఒక్క పావుగంట ఆగమను. కాలేజీల పనున్నదని చెప్పు" అన్నాను. గొప్ప ఉపాయం చెప్పానని ఆ రాత్రి బాగా నిద్ర కూడా పట్టింది.

శనివారం నాలుగుంబావుకు హారన్ మూడుసార్లు మోగింది. జమున కదల్లేదు. నాలుగూ ఇరవైకి తొమ్మిదిసార్లు మోగింది. ఆ తర్వాత మోగలేదు. గండం గడిచిందనుకున్నాను. తలుపు తెరుచుకుంది. ముందు భీమ్లా, వెనక సిమెంటు మరకల చీరల్లో ఆడవాళ్ళు, అందరికంటే వెనక రాజీ అవ్వ. మనుమరాలికి నొప్పులు ఇంకా రాలేదట, ప్రయాణం ఆగిందట.

"ఏం పని బిడ్డా గింతసేపు..." అంటూనే అవ్వ గోడ మీద ఆడుతున్న బొమ్మను చూసి ఆగిపోయింది. "అరే, గొడుగుల పిల్ల!"

ఒక్కసారి కూడా చూడని పిల్లను అందరూ ఇట్టే గుర్తుపట్టారు. నక్కను చూసి భీమ్లా చెయ్యి ఊపాడు. తొమ్మిదిమందీ బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. "జర జరుగు సార్, గాజుల కొట్టు ఇప్పుడొస్తది" అంది అవ్వ నాతో. జమున ముఖం తెల్లబోయింది. ప్రొజెక్టరు తీగ పీకేద్దామా అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

చివరి పది నిమిషాల్లో మాటలే లేవు. గొడుగుల పిల్ల ఒక ఖాళీ రైల్వే స్టేషన్లో కూర్చుంది. వాన పడింది. నక్క నిద్రపోయింది. రైలు వచ్చింది, ఎవరూ దిగలేదు, పోయింది. పిల్ల గొడుగు తెరిచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అంతే, పేర్లు పడ్డాయి.

"కరెంటు పోయిందా?" అంది అవ్వ.

"పోలే అవ్వా. అయిపోయింది" అన్నాడు జితేందర్.

"అయిపోవుడేంది? తమ్ముడేడి?"

జమున లేచి నిలబడింది. తమ భాషలో మొదలుపెట్టి, నన్ను చూసి తెలుగులోకి వచ్చింది. "అవ్వా, నేను ఏ కథ ఆఖరు సూడలే. హారన్ కొడితే ఉరికొస్తి. అన్నీ నేనే కల్పించి జెప్పిన. గాజుల కొట్టు లేదు, జాతర లేదు. తప్పైంది."

"పడవ కథల ముసలాయన బతుకుడు?" అన్నాడు భీమ్లా, సన్నని గొంతుతో. బండి ఆపి ఏడ్చింది ఆ కథకే.

"అది గూడ నేనే, కాకా."

రాజీ అవ్వ చెయ్యెత్తి గోడను చూపించింది. తర్వాత జితేందర్ వైపు తిరిగి, తప్పు చేసిన మేస్త్రీని అడిగినట్టు అడిగింది. "గిది ఎవరు జేసిండ్రు?"

"జపానోళ్ళు అవ్వా."

"వాళ్ళకు చెప్పరాలే. పిల్లను గంత దూరం తిప్పి, గట్ల ఒక్కదాన్నే ఇడిసిపెడ్తరా? మా జమున జెప్పిందే అసలుది. గిది తప్పు పడ్డది." అని కొంగు దులుపుకుని లేచింది. "నడువు బిడ్డా. పొద్దు గూకుతున్నది. నక్క సంగతి ఆనాడు సగమే జెప్పినవ్, ఆటోల జెప్పు."

జమున ఏడుస్తూనే నవ్వింది. ఇన్నేళ్ళలో నేను ఎవరికీ వేయని మార్కులు ఆ ముసలామెకు మనసులో వేశాను.

వాళ్ళు గేటు దాటుతుండగా జితేందర్ ప్రొజెక్టరు ఆర్పకుండానే వెనక ఉరికాడు. "జమునా, ఆగు! గాజుల కొట్టుకాడ ఏమైంది? నేను ఫోన్ల గూడ కలిపి మూడుసార్లు సూసిన, మూడుసార్లు గీ స్టేషనే. చెప్పరాదు, ఏమైంది?" అంటూ ఆటో వెనక కమ్మీ పట్టుకుని వేలాడాడు. వాడి నోటి నుంచి అన్ని మాటలు ఒకేసారి రావడం నేనెప్పుడూ వినలేదు.

ఆటో కదిలింది. జితేందర్ కోసం ఈసారి తెలుగులోనే వాన, గాజులు, చిరిగిన గొడుగు అన్న మాటలు వినపడుతూ దూరమయ్యాయి. నేను గదికి తాళం వేశాను. నా బండి స్టార్ట్ చేసి, కథ వినపడేంత దగ్గరగా ఆటో వెనకాలే జఫర్‌గఢ్ దారిలో తండా దాకా పోయాను. మా ఇల్లు అటు కాదు.