అర అడుగు కొసరు

నాలుగు అడుగుల తొట్టి ధరకు నాలుగున్నర అడుగుల తొట్టి తెచ్చిన మొనగాణ్ని నేను. ఒక్క రూపాయి ఎక్కువ ఇయ్యలే. ఆ అద్దాల చేపల తొట్టిని ఆటోల పెట్టి, రెండు చేతులూ దాని చుట్టూ వేసుకొని గౌలిపుర గల్లీలోకి వస్తుంటే నన్నే ఊరేగిస్తున్నట్టుండె. అప్పటికే దాని కోసం చేయించిన కట్టె స్టాండు ఇంట్ల తయారుగా ఉన్నది. పొడుగు సరిగ్గా నాలుగు అడుగులు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే తెచ్చిన.

మాది తవుడు, పల్లిచెక్క అమ్మే దుకాణం. చుట్టూ పాడి ఇండ్లు, బర్రెలు. మా నాయిన ముల్లు నిలిచేదాక తూచి, ఆ తర్వాత గుప్పెడు తవుడు తీసి సంచిల వేసేటోడు. అది కొసరు. గిరాకీ అడగాలె, దుకాణపాయన గొణగాలె, గొణుగుతనే వెయ్యాలె. నేను నడవడం కన్న ముందు కొసరు అడగడం నేర్చిన అంటది మా అమ్మ. కూరగాయల దగ్గర కరివేపాకు, మిఠాయి దుకాణంల ఒక లడ్డు, బట్టల దుకాణంల ఒక దస్తీ. ఏదో ఒకటి పైన పడకుంటే కొన్నది నాది అనిపించదు.

ఫలక్‌నుమాల ప్లాస్టిక్ సామాన్ల దుకాణం నడిపే నా తమ్ముడిని కూడ విడిచిపెట్టలే. బకెట్లు కొన్నప్పుడు ఒక నీలం టబ్బు కొసరుకింద గుంజుకొచ్చిన. "అన్నా, నువ్వు వచ్చిపోతే నా దుకాణం బోసిపోతది" అని నవ్విండు వాడు.

ఆ తమ్ముడు పోయిన వానకాలం గుండె ఆగి పోయిండు. పిల్లలు లేరు. గల్లా పక్కన చిన్న తొట్టిల వాడు పెంచిన చేప ఒకటి మిగిలింది. ఆస్కార్ అంటరు, నల్లటి ఒంటి మీద నిప్పుల గీతలు. జానెడు దాటి పెరిగింది. వాడు గల్లా ముందు కూసుంటే అద్దం దగ్గరికి వచ్చి మూతి ఆనించేది. "దీనికి నాలుగు అడుగుల తొట్టి కొనాలె" అని ఎప్పుడూ అంటుండె. కొనలే.

దుకాణం ఖాళీ చేసే రోజు తమ్ముని భార్య, నా మరదలు, నాతోని అన్నది: "బావా, సామానంత ఎవరో ఒకరు కొంటరు. దీన్ని అమ్మబుద్ధి అయితలేదు. మా అమ్మోళ్లది ఒక్క అర్ర, పెట్టనీకి జాగ లేదు. మీ ఇంట్ల ఉంచుకోండ్రి. ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుంట."

ఆమె గుడిమల్కాపూర్‌ల తల్లి దగ్గరికి పోతున్నది. మా ఇంటితోని ఆమెకు ఉన్న దారం ఆ చేప ఒక్కటే అని నాకు అప్పుడే అర్థమయింది. అది బతికుంటే ఆమె వస్తది. లేకుంటే ఏం పనని వస్తది?

అందుకే ముందు స్టాండు చేయించిన. ఫలక్‌నుమాల ఒక చాచా ఉన్నడు, వడ్రంగి. పాత ఇండ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దర్వాజలు కొని, వాటిని కోసి మేజలు చేస్తడు. తొమ్మిది వేలు అన్నడు. నేను ఆరు అన్న. ఆయన టోపీ తీసి నెత్తి గోక్కున్నడు, నేను రెండుసార్లు గుమ్మం దాటి పోయినట్టు చేసిన, ఏడున్నరకు తెగింది. నాలుగు కాళ్లు, కింద అడ్డకర్రలు, పైన మందపు పలక. మా ఇంటి షాబాద్ బండలు ఎత్తుపల్లాలుగ ఉంటయని కాళ్ల కింద చెక్క ముక్కలు సర్ది, రసమట్టం పెట్టి చూసి పోయిండు. గట్టి పని. దాని మీద నేను ఎక్కి నిల్సున్న, కదల్లే.

తర్వాత తొట్టికి పోయిన. ఆరు వేలు. బేరంల ఒక్క పైస దిగలే ఆ దుకాణపాయన. "మరి కొసరు ఏమిస్తవ్?" అన్న. మూలకు ఎవరో చేయించుకొని తీసుకపోని తొట్టి ఉండె, నాలుగున్నర అడుగులది. నవ్వుకుంట చెప్పిన, "ఆ అర అడుగు కొసరుకియ్యి." ఆయన గొణగలే. "తీసుకపో అన్నా" అన్నడు. గొణగకుండ కొసరిచ్చేటోడు మూలకు పడ్డ సరుకు వదిలించుకుంటున్నడని దుకాణంల పుట్టినోణ్ని నాకు తెల్వదా? ఆ రోజు తెల్వలే.

చాచాను పిలిచిన. ఆయన తొట్టిని చూసిండు, స్టాండును చూసిండు, నన్ను చూసిండు.

"సేట్, పిల్లగానికి చెడ్డీ కుట్టమని, బాపును తోల్కొచ్చినవ్."

"రెండు దిక్కులా మూడేసి అంగుళాలే కద చాచా. చెక్క అతికియ్యి."

"నీళ్లు భారీ ఉంటయి. కొత్తది చెయ్యాలె."

"ఆరు వందలిస్త, అతికియ్యి."

"నీ ఇష్టం సేట్" అని రెండు దిక్కులా చెక్కలు పెట్టి, కింద ఇనుప బిళ్లలు స్క్రూలతోని బిగించి పోయిండు. బస్తాను ఒక చేత్తో లేపి ఎన్ని కిలోలో చెప్పేటోణ్ని నేను. నీళ్లకు కూడ బరువుంటదన్న సంగతి నాకు యాదికి రాలే. కొసరుకు బరువెక్కడిది?

మూడు ఆదివారాలు బాగనే గడిచినయి. మరదలు వచ్చేది, తొట్టి ముందు నిలబడేది, చేప మూతి ఆనించేది. ఆమె ఏదో మెల్లగ చెప్పేది దానికి. మా ఆవిడ చాయ్ ఇచ్చేది. అప్పటికి ఇంట్ల ఎవరూ తమ్ముని పేరు ఎత్తేది లేదు. చేప ముందట ఎత్తేటోళ్లు.

నాలుగో ఆదివారం పొద్దున ఆమె మేత వేస్తుండంగనే అతికిన చెక్క ఒరిగింది. టిక్కుమని చిన్న చప్పుడు. కింది అద్దం మూల నుంచి గీత పారి, పెద్ద ముక్క ఊడిపడ్డది. ఆ తర్వాత అర్రంత నీళ్లు. చేప నీళ్లతో పాటు జారి, ఒరిగిన ఇనుప బిళ్లకు కొట్టుకొని బండల మీద పడ్డది. నేను తొట్టిని పట్టుకున్న, ఎందుకో తెల్వది. మరదలు చీర కొంగుల చేపను ఎత్తింది. "టబ్బు, టబ్బు" అని అరిసింది. మా ఆవిడ బాత్రూంల నుంచి నీలం టబ్బు నింపి తెచ్చింది.

చేప టబ్బుల ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నది. ఎడమ కన్ను మీద తెల్లగ పొర, నెత్తురు. మరదలు టబ్బు అంచు మీద చెయ్యి పెట్టి చాన సేపు కూసున్నది.

"ఇది మీరు కొసరుకు తెచ్చుకున్న టబ్బే కద బావా" అన్నది. ఎగతాళి లేదు ఆమె గొంతుల. "మీరు పోయినంక ఆయన నవ్వుకుంటనే తన జేబుల నుంచి దీని పైసలు గల్లాల వేసిండు. లెక్క తప్పొద్దని."

నేను తడి బట్టతోని బండలు తుడిచిన.

మర్నాడు చాచా దగ్గరికి పోయిన. "నాలుగున్నర అడుగులది, కొత్తది. ఎంత?" పదకొండు వేలన్నడు. సరే అన్న. ఆయన కట్టె చెక్కుతున్న రంధా పక్కకు పెట్టిండు.

"తబియత్ ఖరాబయిందా సేట్, జరమొచ్చిందా?"

"లేదు."

"అరే, జర అడుగు. నాకు అలవాటు లేదు గిట్ల."

"ఏం అడగను చాచా."

ఆయన ఇంకో రెండుసార్లు నా మొకం దిక్కు చూసిండు. సగం అడ్వాన్స్ తీసుకున్నడు, లెక్కపెట్టకుండ జేబుల పెట్టుకున్నడు. అతికించింది తన చెయ్యే అన్న మాట ఆయనా ఎత్తలే, నేనూ ఎత్తలే.

కొత్త స్టాండుకు ఆరు కాళ్లు. నడుమ రెండు కాళ్ల మీద అడ్డకర్ర, పలక అంచు నుంచి అంచు దాక ఒకటే. కింది అద్దం మార్పిచ్చి తెచ్చిన తొట్టి కింద థర్మాకోల్ పరిచిండు. నీళ్లు నింపి రెండు రోజులు చేపను వెయ్యకుండ ఉంచుమన్నడు, ఉంచిన. దాంతోపాటు ఒక చిన్న పీట తెచ్చిండు, మిగిలిన టేకు ముక్కలది. "ఇదేంది?" అన్న. "కొసరు," అన్నడు. "నువ్వు అడగలే కద, నాకే మనసొప్పలే."

వచ్చే ఆదివారం వస్తదో రాదో అనుకున్న. మరదలు వచ్చింది. చేప ఆమె చెయ్యి దిక్కు రాలే, ఎడమ పక్క నుంచి కనబడలే దానికి. ఆమె లేచి పీటను తొట్టి కుడి దిక్కు జరిపి కూసున్నది. కొంచెం సేపటికి చేప తిరిగి వచ్చి మూతి ఆనించింది. "బావా, ఎంత ఖర్చయింది? నేను కూడ ఇస్త" అన్నది. వద్దన్న. లెక్కనన్న చెప్పమన్నది. చెప్పిన.

మొదటి స్టాండు ఏడున్నర వేలు. తొట్టి ఆరు వేలు. చెక్క అతికించినందుకు ఆరు వందలు. కింది అద్దం మార్చినందుకు పద్దెనిమిది వందలు. రెండో స్టాండు పదకొండు వేలు. చేప మందు, ఉప్పు నాలుగు వందలు. అంత కలిపి ఇరవై ఏడు వేల మూడు వందలు. మొదటి స్టాండును పాత కట్టెకింద అమ్మితే రెండు వేలు వచ్చినయి, అవి తీసెయ్యాలె. మిగిలింది ఇరవై అయిదు వేల మూడు వందలు. బేరం ఆడకుండ, కొసరు అడగకుండ నాలుగు అడుగులవే తెచ్చి ఉంటే స్టాండు తొమ్మిది, తొట్టి ఆరు, పదిహేను వేలల్ల అయిపోయేది. అర అడుగుకు నాకు పడ్డది పదివేల మూడు వందలు, చేపకు ఎడమ కన్ను. టబ్బు పైసలు తమ్ముడు ముందే కట్టిండు. పీటకు పైసలు లేవు.