గట్టు మీద నాటిన మొక్కలు

బెంగాల్‌లోని బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లులో రిటైరయ్యాక నాన్న ఇల్లు కదిలేవాడు కాదు. నార దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో దగ్గుగా మిగిలిపోయింది. ఒక వానాకాలం మా వీధి క్లబ్బు కుర్రాళ్లు ఇంటింటికీ వచ్చి, నది గట్టు కోతకు గురికాకుండా మొక్కలు నాటుదాం రమ్మన్నారు. నేను బయల్దేరుతుంటే నాన్న కూడా చెప్పులు వేసుకున్నాడు.

ఆ ఆదివారం అందరూ మొక్కలు నాటి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి వాటిని చూసుకున్నది నాన్న ఒక్కడే. మేకలు రాకుండా చుట్టూ కంప కట్టాడు. ఎండాకాలమంతా దారిలో ఆగి దగ్గుకుంటూనే బకెట్‌తో నీళ్లు మోశాడు. గట్టు మీద కూర్చునే ముసలివాళ్లతో కబుర్లు కూడా మొదలుపెట్టాడు.

మళ్లీ వానలు వచ్చాయి. ఒక అమావాస్య పోటుకు గట్టు విరిగి మొక్కలతో సహా నదిలో పడిపోయింది. మేం వెళ్లేసరికి బురదనీళ్లలో కంప ముక్కలు తేలుతున్నాయి.

"కాకూ, ఈసారి కాస్త లోపలికి నాటుదాం," అన్నాడు ఒక క్లబ్బు కుర్రాడు నాన్నతో బెంగాలీలో.

నాన్న నావైపు తిరిగి, "ఏటి నాటుతామే? కాలెట్టడానికి మట్టే నేదు," అన్నాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ నాటడానికి మా ఇంటి నుంచి నేనొక్కదాన్నే వెళ్లాను. నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేదు. ఇంటికొచ్చేసరికి నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నీళ్లు ఎవులు పోస్తారు?" అని అడిగాడు.

నేను పోస్తానన్నాను. ఆ తరవాత నాన్న ఎప్పుడూ గట్టు వైపు రాలేదు.